మా కంటే ముందు గండికోటకు వెళ్ళిన మనిషి

మా స్టాఫ్ రూములో ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే దాన్ని మధ్యలోనే చెడగొట్టే మనిషిని నేను. ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి చూశారు, అప్పుడు వెలుతురు ఎంత ఉంది అని వరసగా అడుగుతాను. రెండు ప్రశ్నలకే చాలా కథలు కూలిపోతాయి. లెక్కలు చెప్పేదాన్ని, అలవాటు అలాంటిది.

ఇప్పుడు నేనే ఒక సంగతి చెప్పబోతున్నాను. ఇది పట్టపగలు జరిగింది. నాతో పాటు ఇంకో నలుగురు ఉన్నారు. భయపడాల్సింది ఇందులో ఏమీ లేదు. నిజానికి మా ఇంట్లో అందరం అంత సంతోషంగా ఉన్న రోజులు నాకు వేరే గుర్తుకు రావు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. మేము బాన్సువాడలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఆయన మోహన్ కు సొంత సుమో ఉండేది. పెళ్ళిళ్ళకు, దవాఖానలకు, గుళ్ళకు కిరాయికి తిప్పేవాడు. మా బిడ్డ స్వప్న ఐదో తరగతి. మా స్కూల్లోనే సైన్సు చెప్పే పద్మజ మాకు ఇంటి మనిషి లాంటిది. వాళ్ళ తాతల కాలంలో గోదావరి వైపు నుంచి వచ్చి మా నిజాంసాగర్ కాలువ కింద భూములు కొనుక్కుని స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది.

పద్మజ అన్న అప్పట్లో జమ్మలమడుగు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అతను తీసిన ఫోటోలు ఒకరోజు పద్మజ స్కూలుకు పట్టుకొచ్చింది. రెండు వైపులా నిలువుగా ఎర్రటి రాతి గోడలు, మధ్యలో ఎక్కడో కింద సన్నటి నది. చుట్టూ పచ్చటి ఆకు లేని ఎండు నేల. ఇది ఏ దేశం అని అడిగాను. "దేశం కాదు సుజాతా, కడప జిల్లా. గండికోట అంటారు. కిందకి నడిచి దిగొచ్చట" అంది.

వరి, చెరుకు, కాలువ నీళ్ళు తప్ప ఇంకేమీ చూడని కళ్ళు మావి. ఆ ఎండు నేల, ఆ ఎర్ర రాళ్ళు నన్ను పట్టుకున్నాయి. ఆ సాయంత్రమే స్వప్న అట్లాసు ముందేసుకుని కూర్చున్నాం. ఎల్లారెడ్డి, మెదక్, హైదరాబాదు, కర్నూలు, బనగానపల్లె, జమ్మలమడుగు. స్వప్న ఎర్ర స్కెచ్ పెన్నుతో దారి గీసింది. మా ఆయన దాన్ని చూసి, "గుడికి పోతరు, సముద్రానికి పోతరు. బొందలోకి దిగనీకి పోయేటోళ్లను మిమ్ములనే చూస్తున్న" అన్నాడు. అన్నాడే గానీ మరునాడే బండి టైర్లు మార్పించాడు.

ఇక రెండు నెలలు మాకు అదే పని. కొండ దిగి ఎక్కాలంటే కాళ్ళకు అలవాటు కావాలని పద్మజ పట్టుబట్టింది. రోజూ పొద్దున్నే నిజాంసాగర్ కాలువ గట్టు మీద ఇద్దరం నడిచేవాళ్ళం. బజారులో కాన్వాసు బూట్లు కొన్నాం. చీర మీద బూట్లు వేసుకుని పోతుంటే పొలాలకు వెళ్ళే ఆడవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. "ఏంది టీచరమ్మా, పోలీసుల నౌకరి వచ్చిందా" అని ఒకామె అడిగింది. స్కూల్లో పిల్లలకు కూడా తెలిసిపోయింది. నా క్లాసులో ఒకడు గండికోట దూరం ఇచ్చి, సుమో వేగం ఇచ్చి, కాలం కనుక్కోమని లెక్క తయారుచేశాడు. బాగానే చేశాడు.

అమ్మ మొదట మా లెక్కలో లేదు. నాన్న పోయాక అమ్మ పిట్లం దగ్గర మా ఊళ్ళో తమ్ముడి దగ్గర ఉండేది. మోకాళ్ళ నొప్పులకు మందు ఇప్పిద్దామని మేము బయలుదేరాల్సిన వారమే బాన్సువాడకు తీసుకొచ్చాను. నాన్న పోయిన తర్వాత అమ్మ ఎవరితోనూ పెద్దగా మాట్లాడటం లేదు. అడిగితే జవాబు, అంతే. మా సంబరం అంతా మంచం మీద కూర్చుని చూసేది. ఒక్కసారి మాత్రం, "రాళ్లు చూడనీకి అంత దూరమా బిడ్డా. మన ఊర్ల లేవా రాళ్లు" అంది.

బయలుదేరే ముందురోజు సాయంత్రం నేను జొన్నరొట్టెలు చేస్తున్నాను. అమ్మ పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడి, "నేను గూడ వస్త" అంది.

మోకాళ్ళ సంగతి గుర్తుచేశాను. అమ్మ విననే లేదు. "దిగను తియ్యి. పైన కూసుంట. ఎందుకో రావాలనిపిస్తున్నది" అంది. ఆమె నోటి నుంచి కావాలి అన్న మాట విని ఎన్నాళ్ళయిందో. మా ఆయన వెంటనే, "అత్తమ్మకు ముందు సీటు" అన్నాడు. తమ్ముడికి కూడా చెప్పలేదు. వాళ్ళ ఊళ్ళో ఫోను లేదు, వచ్చాక చెప్పుకోవచ్చు అనుకున్నాం. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, అమ్మ వస్తున్నట్టు మా ఐదుగురికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ తర్వాత జరిగినదానికి ఇది ముఖ్యం.

చీకటితోనే బయలుదేరాం. మెదక్ దాటేసరికి పొద్దు పొడిచింది. స్వప్న పాటలు, పద్మజ పులిహోర, మా ఆయన హారను. హైదరాబాదు దాటి, జడ్చర్ల దాటి, ఎండ బాగా ఎక్కాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు హోటల్ కనబడితే ఆపాం. ఒకామె నడుపుతోంది. మమ్మల్ని చూడగానే బయటికి వచ్చి, "బాన్సువాడోళ్లేనా" అని అడిగింది.

బండి వెనక అద్దం మీద బాన్సువాడ అని రాసి ఉంది. కాబట్టి అందులో వింత లేదు. అవునన్నాను.

"మీ అక్క పొద్దుగాల్ల వచ్చి చెప్పిపోయింది. అవ్వకు కడుపుల మంట, కారం పడదు, జెర పప్పు ఉత్తగ తీసిపెట్టుమన్నది. తీసిపెట్టిన" అంది. గిన్నె మూత తీసి చూపించింది. పచ్చిమిర్చి, తాలింపు ఏమీ వేయని ముద్దపప్పు.

అమ్మకు అల్సరు. కారం ముట్టదు. కానీ నాకు అక్క లేదు. ఇంట్లో పెద్దదాన్ని నేనే, నా తర్వాత తమ్ముడు.

ఇంకెవరి కోసమో చెప్పి ఉంటారని అన్నాను. మా ఆయనకు నవ్వొచ్చింది. "ఎవరికోసమైతేంది, మంచిగైంది. తినుండ్రి అత్తమ్మా" అన్నాడు. అమ్మ పప్పు అన్నం మొత్తం తిని, ఇంకొంచెం పెట్టించుకుంది. నాన్న పోయాక ఆమె మారు పెట్టించుకోవడం నేను చూడలేదు. మిగతా విషయాలన్నీ పక్కకు పోయి నాకు అదే సంతోషమైంది.

కర్నూలు దాటాక నేల రంగు మారింది. రోడ్డు పక్కన గుట్టల మీద ఎవరో పేర్చినట్టు పెద్ద పెద్ద బండలు. దిగి ఫోటోలు తీసుకున్నాం. పొద్దుగూకే వేళకు జమ్మలమడుగు చేరాం. పద్మజ అన్న ఆ వారం సెలవు మీద అత్తగారి ఊరు వెళ్ళాడు కాబట్టి అక్కడ మాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. బస్టాండు దగ్గర ఒక లాడ్జి కనబడితే అక్కడే దిగాం. అదే లాడ్జికి వెళ్ళాలని ముందు అనుకున్నది కాదు.

కౌంటరులో పెద్దాయన రిజిస్టరు తెరుస్తూ, "బాన్సువాడ వాళ్ళే కదా. మీ అక్క మధ్యాహ్నం వచ్చి చెప్పినాది. పెద్దామెకు మోకాళ్ళ నొప్పులంట, మెట్లు ఎక్కలేదంట. కింద గది పెట్టినా" అన్నాడు.

ఈసారి ఎవరం నవ్వలేదు. మా ఆయన పద్మజ వైపు తిరిగి, "పద్మజ టీచర్, మీ అన్నకు ఫోన్ గిట్ల చేసిన్రా" అని అడిగాడు.

"లేదండీ, ఒట్టు. అన్నయ్యకి మనం ఏ రోజు వస్తామో కూడా తెలీదు. అయినా పిన్నిగారు వస్తారని మనకే నిన్న సాయంత్రం కదండీ తెలిసింది" అంది పద్మజ. ఆమె ముఖం చూస్తే అబద్ధం కాదని తెలుస్తోంది.

అప్పుడు అమ్మ కౌంటరు మీద చేయి ఆనించి, ఎంతో నెమ్మదిగా, "ఎట్లున్నది నాయినా, చూడనీకి" అని అడిగింది.

పెద్దాయన కాసేపు ఆలోచించాడు. నలభై దాటిన మనిషి అన్నాడు. ఎత్తు. ఆకుపచ్చ నేత చీర. చేతిలో సంచీ కూడా లేదు. "మీ ముఖమే అమ్మా. అందుకే మిమ్మల్ని చూస్తానే గుర్తుపట్టినా. ఆ కుర్చీలో కాసేపు కూర్చున్నాది. గండి చూసొస్తానని పోయినాది" అన్నాడు.

అమ్మ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. గది తాళం తీసి, సామాను పెట్టి, నేను వచ్చి పిలిచేదాకా లేవలేదు. ఒంట్లో బాగాలేదేమోనని ముఖం చూశాను. ప్రశాంతంగా ఉంది. ఎవరో ఏదో పొరపాటు పడ్డారని నాకు నేను చెప్పుకున్నాను. మర్యాదకు అందరూ మీ పోలికే అంటారు కదా అనుకున్నాను.

పొద్దున్నే గండికోటకు వెళ్ళాం. అప్పుడు ఇప్పటిలా జనం లేరు. కోట గోడ దాటి, పాడుబడ్డ గుడి దాటి, రాళ్ళ మీద నడుచుకుంటూ పోతే ఒక్కసారిగా నేల అయిపోతుంది. ముందు ఏమీ ఉండదు. ఎదురుగా అవతలి గోడ, కింద పెన్న. ఫోటోల్లో ఎంత చూసినా అక్కడ నిలబడితే వేరు. పలకలు పలకలుగా పేర్చిన ఎర్ర రాయి, దాని మీద పొద్దుటి ఎండ. పద్మజ నా చేయి పట్టుకుని ఏడ్చేసింది. స్వప్న తన పేరు తనే పెట్టి కేకేసింది. అవతలి గోడ ఆ పేరును తిరిగి పంపింది. మా ఆయన బండి ఎక్కేవాళ్ళను పిలిచినట్టు "పిట్లం పిట్లం పిట్లం" అని అరిచాడు. కొండ కూడా పిట్లం పిట్లం అంది. నవ్వి నవ్వి రాళ్ళ మీద కూర్చుండిపోయాం.

అమ్మ కోసం నీడలో దుప్పటి పరిచాం. మేము దిగి వచ్చేదాకా ఆమెకు తోడు మా ఆయన ఉండాలని మాట. నేను, పద్మజ, స్వప్న బూట్లు బిగించుకుంటున్నాం. అప్పుడు మేకలు తోలుకుంటూ ఒకామె వచ్చింది. మా వైపు చూసి, "మీరేనా ఆ దూరం నుంచి వచ్చినోళ్లు" అంది.

నేను లేచి నిలబడ్డాను.

"మీ అక్క ఇందాక ఇట్ల దిగి పోయినాది. మావాళ్లు వస్తారు, ఈ తట్టు నుంచి దిగమని చెప్పమనినాది. ఆ తట్టు రాళ్లు కదుల్తాండాయంట. అవ్వ గూడా దిగుతాది, మెల్లగా దించండి అనినాది" అంది.

అవ్వ దిగదు, మోకాళ్ళ నొప్పులు అని నేను చెబుతూనే ఉన్నాను. వెనక అమ్మ లేచి, కొంగు నడుముకు దోపింది. "పాండ్రి. నేను గూడ దిగుత" అంది.

ఎవరం ఆపలేదు. ఆపాలని కూడా అనిపించలేదు. ముందు స్వప్న, తర్వాత మా ఆయన, ఆయన భుజం మీద చేయి వేసి అమ్మ, వెనక మేమిద్దరం. నిలువుగా ఉన్న చోట అమ్మ రాయి మీద కూర్చుని జారేది. చిన్నపిల్లలా. మొదటిసారి జారినప్పుడు ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు విని నేను ఆగిపోయాను.

"అత్తమ్మా, రేపు మీ మోకాళ్లు నన్ను తిడ్తయి" అన్నాడు మా ఆయన.

"తిట్టనియ్యి. ఇయ్యాల్లయితే నడుస్తున్నయి" అంది అమ్మ.

మేము సగం దిగాక, మొదట దిగాలనుకున్న, మేకలామె వద్దన్న ఆ రెండో దారి వైపు నుంచి రాళ్ళు దొర్లిన చప్పుడైంది. కొంచెం దుమ్ము లేచింది. మేకలు కదిపి ఉండొచ్చు. దీన్నొక సాక్ష్యంగా చెప్పడం లేదు. విన్నాం కాబట్టి చెబుతున్నాను.

కింద నీళ్ళు మోకాలు లోతు కూడా లేవు. ఎవరూ లేరు. మా ఆయన ఒక మలుపు దాకా ఇటు, ఒక మలుపు దాకా అటు వెళ్ళి చూసి వచ్చాడు. తడి ఇసుకలో మేకల గిట్టల గుర్తులు తప్ప మనిషి అడుగులు లేవన్నాడు. ఆయన స్వప్నతో కలిసి నీళ్ళలోకి రాళ్ళు విసరడం మొదలుపెట్టాడు.

అమ్మ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. పైన సన్నగా ఆకాశం, రెండు వైపులా ఎర్ర గోడలు. చల్లగా ఉంది. దోసిట్లో నీళ్ళు పట్టి వదిలి అమ్మ మాట్లాడింది.

"నీ కన్న ముందు ఒక ఆడపిల్ల ఉండె బిడ్డా."

నేను ఆమె వైపు తిరిగాను. ఆమె నీళ్ళనే చూస్తోంది.

"ఇరవై ఒక్క రోజుల పురుడు చెయ్యకముందే జరమొచ్చింది. వానలు. వాగు దాటే తోవ లేదు, దవాఖానకు తీస్కపోనీకి బండి దొరకలే. పేరు గూడ పెట్టలే. తర్వాత నువ్వు కడుపుల పడ్డంక, ఆ ముచ్చట ఇంట్ల ఎత్తొద్దన్నది మీ నాయినమ్మ. ఎవ్వరం ఎత్తలే. మీ నాయిన పోయేదాంక ఎత్తలే."

ఉంటే ఎన్నేళ్ళు అని అడగబోయి ఆగాను. నా వయసు నాకు తెలుసు కదా, నలభైకి దగ్గర.

అమ్మ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. కళ్ళు తళతళలాడుతున్నాయి. "ఎత్తున్నదట" అంది. "మీ నాయిన పొడుగు." అని కాసేపటికి, "ఆకుపచ్చ చీరట" అంది. ఊరి నుంచి వచ్చిన చుట్టం మంచి కబురు తెస్తే ఎలా మాట్లాడుతుందో అలా మాట్లాడింది. నేను ఆమె చేయి పట్టుకున్నాను. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. పద్మజ దూరం నుంచి చూసి ఏమైందని అడగకుండా, రొట్టెల మూట విప్పి అందరికీ పంచింది. అక్కడే, ఆ రాళ్ళ మీద కూర్చుని తిన్నాం. జొన్నరొట్టె, పల్లీల పొడి ఎన్నిసార్లు తిన్నానో, ఆ రుచి మళ్ళీ రాలేదు.

ఎక్కడం కష్టమైంది. మధ్యలో ఎన్నోసార్లు ఆగాం. పైకి వచ్చేసరికి మేకలామె అక్కడే చెట్టు కింద ఉంది. నేను ఆమెను వంద ప్రశ్నలు అడుగుదామని సిద్ధంగా ఉన్నాను. ఎంతసేపటి కింద చూసింది, ఎంత దగ్గర నుంచి చూసింది, మళ్ళీ పైకి వచ్చిందా. నా కంటే ముందు అమ్మ వెళ్ళింది. ఆయాసంతో ఆమె పక్కనే కూలబడి ఒకే ఒక్క మాట అడిగింది.

"అది ఏమన్న తిన్నదా?"

మేకలామె దాన్ని వింతగా తీసుకోలేదు. "తినినాదమ్మా. సంగటి పెడితే తినినాది. బాగుందనినాది" అంది.

అమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. నేను నా ప్రశ్నలు అడగలేదు. మేకలామెను అడగడానికి మళ్ళీ అవకాశం రాలేదు.

తిరుగు ప్రయాణంలో ఆ రేకుల షెడ్డు దగ్గర ఆపాను. హోటల్ ఆమె కూడా లాడ్జి పెద్దాయన చెప్పిన పోలికలే చెప్పింది. ఎత్తు మనిషి, ఆకుపచ్చ చీర. ఏ బండిలో వచ్చిందని అడిగితే, బండి చూడలేదంది. నడిచే వచ్చి, నడిచే పోయిందంది. బాన్సువాడ వచ్చాక కూడా ఊరుకోలేదు. ఆ రోజుల్లో అటు వైపు వెళ్ళిన కిరాయి బండ్లు ఇంకేమైనా ఉన్నాయా అని మా ఆయన స్టాండులో అందరినీ అడిగాడు. ఎవరూ వెళ్ళలేదు. పద్మజ అన్న మా మాట విని మేమే ఆటపట్టిస్తున్నామనుకున్నాడు. తమ్ముడు అమ్మ చెప్పిన సంగతి విని నిర్ఘాంతపోయాడు. వాడికీ ఆ బిడ్డ గురించి తెలియదు.

హోటల్ ఆమెకు, లాడ్జి పెద్దాయనకు, మేకలు కాసే ఆమెకు ఒకరితో ఒకరికి పరిచయం ఉండే వీలు లేదు. ముగ్గురూ కలిసి మమ్మల్ని మోసం చేయడానికి కారణమూ లేదు. ఎవరూ మా దగ్గర ఏమీ ఆశించలేదు. పోనీ ఇంకెవరో నిజంగానే తన తల్లి కోసం చెప్పి ఉంటే, ఆ తల్లి ఎక్కడ? ఆ మనిషి నడిచి వెళ్ళి, మా సుమో కంటే ముందు జమ్మలమడుగు ఎలా చేరింది? నేను వేరేవాళ్ళ కథలకు వేసే ప్రశ్నలన్నీ దీనికీ వేశాను. ఇప్పటికీ వేస్తుంటాను. కథ కూలదు, జవాబూ రాదు. మేము కూర్చున్న ఆ చోటు కూడా తర్వాత కట్టిన డ్యాము నీళ్ళలో మునిగిందని విన్నాను.

అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గలేదు. ఆ విషయంలో అద్భుతమేమీ జరగలేదు. మాట మాత్రం తిరిగి వచ్చింది. ఆ తర్వాత మాతో ఎన్నో ఊళ్ళు తిరిగింది. ఎక్కడికన్నా అంటే అందరికన్నా ముందు తయారై సుమో ముందు సీట్లో కూర్చునేది.

ఒకసారి అలాగే ఎక్కడికో పోతూ టీ కోసం ఆగినప్పుడు, పక్కన కూర్చున్న ఒక ముసలామె అమ్మను పిల్లలు ఎందరని అడిగింది. అంతకు ముందు ఎవరడిగినా ఇద్దరనే చెప్పేది.

"ముగ్గురు" అంది అమ్మ. "ఇగ గీ బిడ్డ, పిట్లం దిక్కు కొడుకు. పెద్దామె ఇంటి పట్టున ఉండదు. తిరుగుడు ఎక్కువ దానికి."